నడిమి పొర

బొంతను ముట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు.

వెలిమెల నుంచి ఆటోలో వేసుకొచ్చి, దిగుతూనే నర్సింహమ్మ దాన్ని వాకిట్లోకి విసిరేసింది. సగం విచ్చుకుని, సగం మడతల్లోనే ఉండిపోయి, అలిగి పడుకున్న మనిషిలా ఉంది. మొన్నటికి మొన్న ఇదే వాకిట్లోంచి పసుపు బొట్లు పెట్టి, తొట్టెలతో పాటు సాగనంపిన బొంత అది. అండాలు కూతురికి అమ్మమ్మ మల్లవ్వ పెట్టిన కానుక.

"నీ కానుక నీకే తెచ్చిన వదినె. సూస్కో," అన్నది నర్సింహమ్మ. కూతురి అత్తగారు ఇంటికి వస్తే కాళ్లకు నీళ్లివ్వాలి. ఆమె చెప్పులు కూడా విడవలేదు.

అరుగు మీద మల్లవ్వ బియ్యం ఏరుతోంది. చాటలో వేళ్లు ఆగిపోయాయి.

"పిల్లకేమైంది?"

"సంగారెడ్డి దవాఖానల ఉన్నది. వీపు మీద, తొడల మీద తోలు లేచిపోయింది. బోర్ల పండవెట్టిండ్రు. ఏడ్సి ఏడ్సి గొంతు గూడ పోయింది దానికి. మీ అండాలు దాని పక్కనే కూసున్నది, పలుకది ఉలుకది."

"చెమటకాయలని కదా కబురు పంపిండ్రు?"

"మేమూ గట్లనే అనుకున్నం. డాక్టరమ్మ ఏమన్నదో తెలుసా? ఇవి పొక్కులు కావు, కాలిన పుండ్ల లెక్కనే ఉన్నయి, పిల్ల మీద ఏం పోసిండ్రు అని నన్నే అడిగింది. అంతమంది ముంగట. నేను నవ్వాల్నా, ఏడ్వాల్నా?"

చాట ఒరిగింది. బియ్యం అరుగు మీది నుంచి ధారగా కిందికి జారాయి. కోళ్లు పరుగెత్తుకొచ్చాయి. వాటిని తోలే ధ్యాస ఎవరికీ లేదు.

అల్లుడు వెంకటేశం ఆటో దగ్గరే నిలబడి ఉన్నాడు. మనిషి మూడు రాత్రులు నిద్రలేనట్టున్నాడు. లోపలికి రమ్మని మల్లవ్వ కళ్లతో పిలిచింది. అతను చూపు తిప్పుకున్నాడు.

"మా ఇంట్ల ఉడుకునీళ్లు పడలే, నిప్పు పడలే," అన్నది నర్సింహమ్మ. "ఈ బొంత మీద పండవెట్టినంకనే మొదలైంది. మా వాడకట్టు పెద్దామె వచ్చి, బొంత మీద చెయ్యి వెట్టి ఒక్కటే మాట అన్నది. దీనిమీద పడరాని చెయ్యి పడ్డది అన్నది. ఇగ చెప్పు. ఎవలది ఆ చెయ్యి?"

వంటింటి గడప దగ్గర నిలబడిన సుమిత్ర ఒక అడుగు వెనక్కి వేసింది.

మల్లవ్వ కోడలు సుమిత్ర. రెండుసార్లు కడుపు పండి రెండుసార్లూ నిలవలేదు. పసిబిడ్డ బొంతకు కుట్టు వేసే చెయ్యి పిల్లలు బతికిన చెయ్యి కావాలని ఆ ఇంట్లో కట్టడి. మల్లవ్వకు ఆమె అత్త చెప్పింది, ఆ అత్తకు ఆమె అత్త చెప్పి ఉంటుంది. అందుకని ఎండాకాలమంతా చుట్టుపక్కల ఆడవాళ్లు వాకిట్లో కూర్చుని బొంత కుడుతుంటే, సుమిత్ర వాళ్లకు చాయ్ పెట్టింది, వంట చేసింది, ఎంగిలి గ్లాసులు కడిగింది. సూదిలో దారం కూడా ఎక్కించనివ్వలేదు.

"నా బొంతకు వంక పెడుతున్నవా వదినె?" మల్లవ్వ లేచి కొంగు నడుముకు చుట్టింది. "రా. ఇటు రా. కండ్లు తెరిచి సూడు."

బొంత రెండు కొసలు పట్టి దులిపి, వాకిట్లో ఆ చివర నుంచి ఈ చివరకు పరిచింది. నలుగురు పడుకున్నా కాళ్లు బయటికి రాని బొంత. నాలుగు మడతలు వేస్తే పసిపిల్లకు పరుపు. విప్పితే రేపు ఆ పిల్ల పెళ్లి నాటికీ పనికొస్తుంది. కుట్టే ముందు మల్లవ్వ దాన్ని ఇదే వాకిట్లో ముగ్గుపిండితో గీసుకున్నది. నడుమ పెద్ద పువ్వు, పువ్వు చుట్టూ గడులు, గడుల చుట్టూ తీగ. ఏ గడిలో ఎవరి చీర రావాలో ఆ ముగ్గు మీద ముక్కలు పరిచి చూసుకున్నది. ఎరుపు పక్కన ఎరుపు వస్తే తీసి మళ్లీ పరిచింది. కోళ్లు తొక్కి చెరిపితే మళ్లీ గీసింది. వాళ్ల ఊరు ఇంద్రేశంలో ఎవరింట్లో తొట్టెల కట్టినా మల్లవ్వ బొంత కోసం వచ్చేవాళ్లు. అలాంటిది సొంత మనవరాలికి కుట్టిన బొంత ఇది.

ఆమె మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో గడి మీద వేలు పెట్టింది.

"నడిమి పువ్వు నా పెండ్లి చీర. నేనే కుట్టిన. నా కడుపున పుట్టినోళ్లందరు బతికే ఉన్నరు. ఈ పసుపు గడి మా అక్కది. దాని పిల్లల్ని సూస్తే బడి లెక్క ఉంటది. గొల్లభామలున్న ముక్క మా యారాలిది, మనవలను గూడ ఎత్తుకున్నది. ఈ తీగంతా సంగయ్య పెండ్లాం కుట్టింది. ఇగ ఈ కొసకు మా అవ్వ చీర. నీలం..."

వేలు ఆగింది.

నీలం ఉండాల్సిన మూల ఆకుపచ్చ ఉంది. అరచేతంత ముక్క, అంచున మామిడి పిందెలు. మల్లవ్వ కుట్టు వడ్లగింజంత ఉంటుంది. ఈ ముక్క చుట్టూ పడ్డ కుట్టు నువ్వుగింజంత. అంత సన్నగా కుట్టే చెయ్యి ఆ ఇంట్లో ఒక్కటే ఉంది.

మల్లవ్వ తల ఎత్తలేదు. వేలు ఆ పిందెల మీదే ఉంది. వాకిట్లో కోళ్లు బియ్యం ముక్కుతో పొడుస్తున్నాయి.

"సుమిత్రా."

గట్టిగా పిలవలేదు. పక్కన కూర్చున్న మనిషిని పిలిచినట్టే పిలిచింది. సుమిత్ర వాకిట్లోకి వచ్చింది.

"గిది ఎవలు కుట్టిండ్రు?"

"నేనే అత్తా."

"ఏ చీర ఇది?"

సుమిత్ర పెదవి తడుపుకున్నది. "మా అమ్మ తెచ్చింది. ఒడి నింపిన నాడు."

"ఏ ఒడి?"

"మొదటిసారిది."

నర్సింహమ్మ అరుగు పట్టుకుని కూర్చుండిపోయింది. ఆమె కోపంతో వచ్చిన మనిషి. ఇప్పుడా కోపం కూడా ముఖంలో లేదు.

"పోయిన పిల్ల ఒడి చీర," అన్నది చివరికి. "తెచ్చి తెచ్చి బతికున్న పిల్ల కింద కుట్టినవా? మనిషివేనా నువ్వు?"

"నేను చెడు కోరి కుట్టలే పెద్దమ్మా."

"కోరుతరా ఎవలన్నా? కోర్తున్నా అని చెప్పి కోరుతరా?"

"ఎందుకు కుట్టినవ్?" అన్నది మల్లవ్వ.

సుమిత్ర చూపు ఆకుపచ్చ ముక్క మీదే ఉంది.

"నిన్నే అడిగేది. సూది ముట్టొద్దన్న కదా. దగ్గరికి రావొద్దన్న కదా. మేము పండుకున్నంక దొంగలెక్క కూసొని కుట్టినవా? ఎందుకు?"

"చెప్పినా మీరు వినరు."

"ఇగో, నోరు సూడు," అన్నది నర్సింహమ్మ. "వదినె, నీ కూతురు నాకు కోడలు. దాన్ని ఒక్కనాడు ఒక్క మాట అనలే. కానీ ఈమె చెయ్యి ఈ గడపల ఉన్నన్ని రోజులు నా కోడలు ఈ గడప తొక్కది. నా మనవరాలు తొక్కది. ఈమెను తల్లిగారింటికి పంపుతవో, ఇంకేం చేసుకుంటవో, నీ ఇష్టం. నీ కొడుకుది చిన్న వయసే."

చివరి మాట ఆమె సుమిత్రను చూస్తూ అనలేదు. అయినా అది సుమిత్రకే తగిలింది. ఆ ఊళ్లో ఆ మాట అరుగుల మీద చాలాసార్లు తిరిగింది. ఇంటి వాకిట్లోకి రావడం మాత్రం ఇదే మొదలు.

అప్పుడే గేటు దగ్గర సైకిల్ స్టాండు పడ్డ చప్పుడైంది. మొదటి షిఫ్టు దిగి చిన్నరాములు వచ్చాడు. మల్లవ్వ కొడుకు. ఉన్న పొలం పక్కన లేఅవుటు రాళ్లు పాతాక, అతను నాగలి వదిలి పటాన్‌చెరు వైపు ఒక మందుల కంపెనీలో చేరాడు. హ్యాండిల్‌కు టిఫిన్ డబ్బా వేలాడుతోంది. అందరి ముఖాలు చూసి, పరిచిన బొంత చూసి, సైకిల్ దగ్గరే ఆగిపోయాడు.

"ఏమైంది బావా?" అన్నాడు వెంకటేశంతో.

వెంకటేశం చెప్పాడు. నాలుగు మాటల్లో చెప్పాడు. పిల్ల సంగతి, డాక్టరమ్మ మాట, ఆకుపచ్చ ముక్క.

రాములు పెళ్లాం వైపు చూశాడు. ఏదో ఒకటి అంటాడని ఆమె ఎదురుచూసింది. తిట్టినా సరే. అతను టిఫిన్ డబ్బా తీసి అరుగు మీద పెట్టాడు. మూత సరిగా ఉందా లేదా అని ఒకసారి నొక్కి చూశాడు. అంతే.

ఎద్దు ఎటు లాగితే బండి అటు పోతుంది, చక్రం మాట్లాడదు. రాములు ఆ ఇంట్లో చక్రం.

"కుట్టిన చెయ్యే ఇప్పాలె," అన్నది మల్లవ్వ. "బ్లేడు తెచ్చుకో. నా ముంగట్నే ఇప్పు. అటెన్క మీ అమ్మకు కబురు పంపుత."

సుమిత్ర లోపలికి వెళ్లి బ్లేడు తెచ్చుకుని ఆ మూల దగ్గర కూర్చున్నది. నువ్వుగింజలను ఒక్కొక్కటిగా కోయడం మొదలుపెట్టింది. ఆమె తల వంచుకుని పని చేస్తుంటే నర్సింహమ్మే ఆగలేక అన్నది:

"నాలుగు మడతలు వేస్తే ఈ మూలనే పైకి వస్తుండె. దీనిమీదనే పండింది పిల్ల. ఎట్ల కుదిరిందో సూడు."

ఆకుపచ్చ ముక్క విడివడింది. కానీ ఒక్కటే రాలేదు. దాని కిందున్న నీలం గుడ్డ కూడా దానికంటుకుని, తడిసిన కాగితంలా చిరిగి చేతిలోకి వచ్చేసింది. నలభై ఏళ్లు కట్టినా చిరగని చీర అని మల్లవ్వ చెప్పుకునే తల్లి చీర. వేళ్ల మధ్య పొడి పొడిగా రాలింది.

"అవ్వ చీర గట్లెట్లైంది?" మల్లవ్వ ముందుకు వంగింది.

నీలం కింద తెల్లగుడ్డ ఉంది. మందంగా, దగ్గరి నేతతో ఉన్న గుడ్డ. తెల్లదనం అంచులకే మిగిలింది. పిల్ల తడిపిన మేర పచ్చగా మారి ఉంది.

సుమిత్ర ముక్కు దగ్గరికి తెచ్చుకున్నది.

ఆ వాసన ఆమెకు తెలుసు. పెళ్లయిన నాటి నుంచి రోజూ బండ మీద వేసి ఉతికే చొక్కా వాసన అది. ఎన్ని సబ్బులు అరగదీసినా పోని వాసన. ఆమె వేళ్ల చివరలు చురచురమన్నాయి. చేతులు చీరకు తుడుచుకుని లేచింది.

"యాడికి?" అన్నది మల్లవ్వ.

సుమిత్ర గోలెం దగ్గరికి పోయి చెంబుతో నీళ్లు ముంచుకొచ్చింది. బొంత నడుమకు నడిచింది. మల్లవ్వ పెండ్లి చీర పువ్వు మీద, తన చెయ్యి ఎన్నడూ పడని చోట, ఆ నీళ్లు కుమ్మరించింది.

"పిచ్చి లేసిందా నీకు?"

"జెర ఆగు అత్తా. ఆగి సూడు."

నీళ్లు ఇంకాయి. ఎర్రచీర నల్లబడింది. తర్వాత ఆ నలుపు అంచున, మెల్లగా, పసుపు నీళ్లలా ఒక గీత పైకి తేలింది. గీత వెడల్పైంది. పక్కనున్న మల్లవ్వ అక్క చీర ముక్కలోకి పాకింది.

నర్సింహమ్మ అరుగు మీది నుంచి లేచింది.

"గిదేంది వదినె? నడుమ ఏమేసినవ్?"

మల్లవ్వ కొడుకు వైపు చూసింది. ఆ చూపు అందరూ చూశారు.

"ఫిల్టర్ గుడ్డ," అన్నాడు రాములు. నేలకు చెప్పినట్టు చెప్పాడు. "మా కంపెనీది. పాతబడితే వెనక కుప్పేస్తరు. అందరం తెచ్చుకుంటం."

"ఉత్త చీరలే అయితే రెండు ఉతుకులకు నడుమ జారిపోతది," అన్నది మల్లవ్వ. ఆమె ఎవరికి చెబుతున్నదో ఆమెకే తెలియలేదు. "నడిమి పొర గట్టిది ఉండాలె. ఇది చిరగది, ముడుచుకపోది. మల్లెపువ్వు లెక్క తెల్లగుండె. ఊరంతా తెచ్చుకుంటరు. తానాల దడికి కడతరు. పాలు వడగడతరు. నేనే అడిగిన వాణ్ని, మంచిది సూసి తే బిడ్డా, పిల్ల కిందికి అని."

"ఏం వడగడతరు బావా దాంతోని?" వెంకటేశం గేటు దాటి లోపలికి వచ్చాడు. వచ్చినప్పటి నుంచి మొదటిసారి.

"మందు. పొడి కాకముందు నీళ్లనీళ్లగ ఉంటది. అది గుడ్డ మీద పోస్తే నీళ్లు దిగిపోయి మందు మిగులుతది."

"ఏ మందు? డాక్టరమ్మకు ఏమని చెప్పాలె?"

"నాకు తెల్వది."

"పనిచేసేది నువ్వు, నీకు తెల్వకపోతే ఎవలికి తెలుస్తది?"

"పేర్లుండయి బావా. డ్రమ్ముల మీద నంబర్లే ఉంటయి. మేము చేతులకు తొడుగులేసుకుంటం. నంబరు సూసి పోస్తం." రాములు తన అరచేతులు చూసుకున్నాడు. "మస్తు ఉతికిన. వాగుల వేసి బండకేసి కొట్టి ఉతికిన. వాసన పోయేదాంక ఉతికిన."

"వాగుల," అన్నాడు వెంకటేశం. ఆ వాగు నీళ్లు ఏ రంగులో పారుతాయో ఇద్దరికీ తెలుసు.

"చేతులకు తొడుగులేసుకుంటవ్," అన్నది నర్సింహమ్మ మెల్లగా. "నా మనవరాలి వీపు కింద పరుస్తవ్."

సుమిత్ర వంగి, ఆ తెల్లగుడ్డలోంచి జానెడు ముక్క కోసి, పాలిథిన్ కవరులో చుట్టి వెంకటేశం చేతికిచ్చింది.

"ఇది తీస్కపోయి డాక్టరమ్మకు సూపియ్యి అన్నా. జల్దీ పో."

వెంకటేశం కవరు అందుకున్నాడు. "బావా, నువ్వు గూడ నడువు. ఆమె అడిగితే చెప్పాలె కదా."

రాములు కదల్లేదు. "నేను చెప్పిన్నని చెప్పకు బావా. కంపెనీల తెలిస్తే పనిలోంచి తీస్తరు. నాలెక్క చెప్పినోన్ని మొన్న గేటు కాడ్నే ఆపిండ్రు."

వెంకటేశం అతన్ని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. తల్లి రెక్క పట్టుకుని ఆటో ఎక్కించాడు. ఎక్కుతూ నర్సింహమ్మ వెనక్కి తిరిగి సుమిత్రను చూసింది. ఆటో మలుపు తిరిగిపోయింది.

పడరాని చెయ్యి ఎవరిదో తేలింది. తేలాక ఆ ముగ్గురికీ ఒకరి ముఖం ఒకరు చూసుకునే ధైర్యం లేకపోయింది.

మల్లవ్వ తడిసిన పువ్వు పక్కన కూర్చుని, రాలిపోయిన తల్లి చీర పొడిని వేళ్లతో కుప్ప చేస్తున్నది. కుప్ప చేసి చెరిపి, మళ్లీ కుప్ప చేస్తున్నది.

"ఊళ్ల ఎంతమందికి కుట్టిచ్చిన్నో," అన్నది. "యాదన్న మనవనికి. సంగప్ప బిడ్డకు." ఇంకో పేరు పెదవుల దాకా వచ్చి ఆగింది.

సుమిత్ర ఆమె పెదవులనే చూస్తున్నది.

"పాతిన గుంజలెక్క గట్ల నిలవడ్డవేంది?" అన్నాడు రాములు. ఏదో ఒకటి మాట్లాడాలని మాట్లాడాడు. "లోపలికి పో."

ఆమె పోయింది. లోపలి నుంచి మంచం కోడు నేలకు రాసుకున్న చప్పుడు వచ్చింది. కొంచెంసేపటికి ఒక బొంతను రెండు చేతులా ఈడ్చుకుంటూ బయటికి వచ్చింది. మాసిన బొంత. నడుమ పెద్ద పువ్వు, పువ్వు చుట్టూ గడులు, గడుల చుట్టూ తీగ. వాళ్ల పెళ్లికి మల్లవ్వ కుట్టిన కానుక. పెళ్లినాటికి రాములు కంపెనీలో చేరి ఏడాది దాటింది.

వానాకాలం ఇల్లు కురిసి బొంత చెమ్మగిల్లితే సుమిత్రకు వీపంతా దురద లేచేది. నీ ఒంటి వేడి అనేది మల్లవ్వ. పెసరపిండి పెట్టి తోమేది.

సుమిత్ర దాన్ని వాకిట్లో, తడిసిన బొంత పక్కనే పరిచింది. బ్లేడు తీసుకుని కూర్చున్నది.

"అత్తా. దీంట్ల నడుమ ఏమేసినవ్?"

మల్లవ్వ చెయ్యి చాచి ఆమె మణికట్టు పట్టుకున్నది. ఇందాకే ఆ చేతిని తిట్టిన మనిషి. ఆ పట్టులో కోపం లేదు.

"ఇప్పకు బిడ్డా."

"ఏమేసినవ్ అంటున్న."

"ఇప్పకు. ఇప్పితే నేనెట్ల బతకాలె? ఆ రెండు పానాలు..." మల్లవ్వ మాట మింగేసింది. "ఇన్నేండ్లు నీ చెయ్యి మంచిది కాదని ఊరంతా చెప్పిన కదా నేను."

సుమిత్ర మొగుడి వైపు చూసింది. అతను గేటు వైపు చూస్తున్నాడు. ఇప్పడానికి ముందే, ఆ తెలుపు ఆమెకు కనిపించింది.

ఆమె అత్త వేళ్లను తన మణికట్టు మీది నుంచి తీయలేదు. ఆ వేళ్లు అలా ఉండగానే మొదటి కుట్టు కింద బ్లేడు దూర్చింది.

"ఆకుపచ్చ ముక్క ఎందుకు కుట్టినవని అడిగినవ్ కదా అత్తా," అన్నది. "అందరి దీవెన పడే బొంత కదా, జెరంత నాకు గూడ తగుల్తదేమోనని కుట్టిన. నిలిచిందాంక ఎవలకు చెప్పొద్దనుకున్న."

మల్లవ్వ వేళ్లు వదులయ్యాయి. రాములు గేటు వైపు నుంచి తల తిప్పాడు.

"నాకిప్పుడు మూడో నెల," అన్నది సుమిత్ర. "రాత్రి గూడ దీన్నే కప్పుకున్న."